తప్పిన దెబ్బకు ఎర్ర గీత

చొక్కాల ఫ్యాక్టరీలో ఆమెను అందరూ చెకింగక్క అనే పిలుస్తారు. అసలు పేరు హాజరు పుస్తకానికి తప్ప ఇంకెవరికీ గుర్తులేదు. పదకొండేళ్లుగా ఆమె పని ఒక్కటే. లైనులో కుట్టి పంపిన చొక్కాను ట్యూబులైటు కింద పరచాలి, కాలరు నుంచి కింది మడత దాకా కళ్లతో తడమాలి, కుట్టు తప్పినచోట ఎర్ర బాణం స్టిక్కరు అంటించి వెనక్కి పంపాలి. కుట్టు తప్పడమంటే పెద్ద ఘోరమేమీ కాదు. సూది దిగుతుంది, దారం అందుకోదు, ఒక్కచోట కుట్టు పడదు, అంతే. మామూలు కంటికి ఆనదు. మనలాంటివాళ్లం ఆ చొక్కా వేసుకుని ఊరంతా తిరిగొచ్చి, ఉతికి మడతపెట్టుకుంటాం. ఆమెకు మాత్రం అది కంట్లో నలుసు.

"ఒక్కటే కదక్కా, వదిలెయ్యవా" అని మిషన్ల మీదున్న అమ్మాయిలు బతిమాలేవాళ్లు.

"ఒక్కటే కదా అని వదిలితే మూడో ఉతుక్కి చంక దగ్గర నోరు తెరుస్తుంది. అప్పుడు నువ్వెళ్లి కుట్టొస్తావా?" అనేది. అనడమే కాదు, బాణం అంటించి మరీ పంపేది. ఆమె టేబులు దాటిందంటే ఆ చొక్కాకు ఇక తిరుగులేదని లైనంతా చెప్పుకునేది. పైకి విసుక్కున్నా, ఆ మాట వింటే ఆమెకు లోలోపల గర్వంగానే ఉండేది.

అలాంటి మనిషికి రావలసిన జబ్బు కాదది. అసలు జబ్బు అనే అనకూడదట, ఆమెను చూసిన డాక్టరమ్మ ఒప్పుకోదు.

ఒక మంగళవారం, పదకొండు గంటల టీకి ముందు, చేతిలో నీలం గళ్ల చొక్కా ఉండగా ఆమె గుండె ఒక దెబ్బ తప్పింది. కొట్టుకుంటూ కొట్టుకుంటూ ఒక్క క్షణం ఊరుకుంది. ఇంకో మెట్టు ఉందనుకుని కాలు వేస్తే లేనప్పుడు ఒళ్లు ఝల్లుమంటుంది చూడండి, అలా అయింది. ఆ వెంటనే లోపలినుంచి ఒక్క పెద్ద దెబ్బ, గొంతు దాకా తగిలేట్టు. ఆ తర్వాత అంతా మామూలే. కానీ ఆమె పై ప్రాణాలు పైనే పోయాయి. చొక్కా అక్కడ పడేసి ఛాతీ మీద చెయ్యి వేసుకుంది. తొమ్మిది నెలలైనా ఆ చెయ్యి మళ్లీ కిందికి దిగలేదు.

మొదట వీధి చివరి డాక్టరు, తర్వాత పెద్దాసుపత్రి, ఆ తర్వాత గుండె డాక్టరమ్మ. ఈసీజీలు నాలుగు తీశారు. గుండెను తెర మీద వేసి చూశారు. రక్తం తీశారు. ఛాతీకి వైర్లు అంటించి, నడుముకు చిన్న పెట్టె కట్టి, ఇరవై నాలుగు గంటలు తిరిగి రమ్మన్నారు. తిరిగొచ్చింది. డాక్టరమ్మ కళ్లద్దాలు పైకి తోసుకుని కాగితాలన్నీ ఓపిగ్గా చూసింది.

"మీ గుండె శుభ్రంగా ఉందమ్మా. ఒక్కరోజులో లక్ష పైచిలుకు సార్లు కొట్టుకుంది. అందులో మూడొందల పన్నెండు కాస్త తొందరపడి ముందే వచ్చాయి. వాటి వెనక కొంచెం ఎక్కువ ఖాళీ వస్తుంది. ఆ ఖాళీనే మీరు తప్పిందనుకుంటున్నారు. ఇవి చాలామందికి ఉంటాయి. నాకూ ఉంటాయి. మీకు వీటివల్ల ఏమీ కాదు."

"ఏమీ లేకపోతే మరి ఎందుకు తప్పుతోంది?"

"నిద్ర చాలకపోవచ్చు, టీలు ఎక్కువై ఉండొచ్చు, దిగులు కావచ్చు. ఒక్కోసారి ఏ కారణమూ ఉండదు."

"కారణం లేకుండా కుట్టు తప్పదండీ" అంది ఆమె.

డాక్టరమ్మకు ఆ మాట అంతుపట్టలేదు. "నాడి పట్టుకుని చూసుకోవడం మానెయ్యండి. చూసుకునేకొద్దీ భయం, భయపడేకొద్దీ అవి ఎక్కువవుతాయి. మందులు రాసేంత జబ్బు లేదు. భయం తగ్గించేందుకు మాటలతో వైద్యం చేసే ఆయన ఒకరున్నారు, చీటీ రాసిస్తాను, వెళ్తారా?" అని అడిగింది.

"నాకేం పిచ్చా?" అని ఆమె లేచి వచ్చేసింది.

ఆమె భర్త సిటీ బస్సు డ్రైవరు. రోజంతా హారన్ల మధ్య బతికేవాడు కాబట్టో ఏమో ఇంట్లో గొంతు పెంచడు. రిపోర్టు చూసి, కాసేపు మనసులోనే లెక్కవేసి, "వెయ్యి చొక్కాల్లో ఇరవై దాకా తప్పులున్నా సరుకు పంపేస్తారని నువ్వే చెప్పావుగా. లక్షకు మూడొందలంటే వెయ్యికి మూడు. నీది ఫస్టు క్వాలిటీ పో" అన్నాడు.

"అవి చొక్కాలండీ" అంది ఆమె.

ఆ రోజు నుంచి ఆమె ముందు గుండె అన్న మాట ఎత్తడానికి లేదు. మనవాళ్ల నోట ఆ మాట లేకుండా ఒక్క పూట గడుస్తుందా? లైనులో దారం తెగితే గుండె ఆగినంత పనైందంటారు. మేనేజరు కేకేస్తే గుండెల్లో రైళ్లు పరిగెత్తాయంటారు. సరుకు లారీ ఎక్కితే గుండెల మీద కుంపటి దిగిందంటారు. ఎవరు ఏమన్నా ఆమె కుడిచెయ్యి ఎడమ మణికట్టు మీదికి పోయేది. భర్త పాపం, "గుండె నిబ్బరం చేసుకో" అందామని నోరు తెరిచి, మధ్యలో మింగేసి, "అదే... నిబ్బరం చేసుకో" అని సరిపెట్టుకునేవాడు.

నవ్వొస్తే నవ్వండి, కానీ ఆమె బతుకు నవ్వులాట కాదు. మెట్లెక్కడం మానేసింది. బస్సు కదులుతుంటే పరిగెత్తడం మానేసి తర్వాతి బస్సు కోసం నిలబడేది. బరువెత్తేది కాదు. లోపల పడిపోతే తలుపు పగలగొట్టాల్సి వస్తుందని గడియ వేయకుండా స్నానం చేసేది. రోజూ పొద్దున కూతురికి జడ వేస్తూ ఇదే ఆఖరి జడేమో అనుకునేది. అనుకోగానే ఏడుపొచ్చేది, ఏడిస్తే గుండె వేగం పెరిగేది, పెరిగితే చెయ్యి మణికట్టు మీదికి. అక్కడ ఒకటి తప్పేది. తప్పగానే అరికాళ్ల దాకా చల్లబడిపోయేది. మళ్లీ మొదలు. మనిషి బతికే ఉంది కానీ రోజుకు పదిసార్లు చస్తోంది. చచ్చిన ప్రతిసారీ వంట దించాలి, బట్టలు ఆరెయ్యాలి, షిఫ్టుకు వెళ్లాలి.

అంత చూసుకున్నా తన లెక్క మీద తనకు నమ్మకం కుదరలేదు. కొట్టుకునేది మణికట్టులోనో, నొక్కుతున్న వేలిలోనో తెలియదు. తప్పింది నిజమో, తన భయమో తెలియదు. ఆమె ఫ్యాక్టరీలో మొదటిరోజే ఒక నియమం నేర్పుతారు. ఎవరు కుట్టిన పీసు వాళ్లు చెక్ చేసుకోకూడదు. ఎంత నిఖార్సయిన పనిమంతురాలైనా సరే, తన చేతి పనిలో ఉన్న తప్పు కనబడదు, లేని తప్పు కనబడుతుంది. కాబట్టి వేరే మనిషి చూడాలి. పదకొండేళ్లు ఆ నియమంలో బతికిన మనిషికి ఇంకోలా ఆలోచించడం రాలేదు. నా గుండెను నేను చూసుకుంటే ఎలా, వేరే మనిషి చూడాలి అనుకుంది.

ఆ వేరే మనిషి ఎవరు? భర్త తెల్లవారకముందే మొదటి బస్సు తియ్యడానికి వెళ్లిపోతాడు. పైగా అడిగితే, డాక్టరమ్మ వద్దందిగా అంటాడు. ఇంట్లో మిగిలింది కూతురు. ఎనిమిదేళ్లది. ఒక్కచోట నిలవదని వాళ్ల నాన్న దానికి బొంగరం అని పేరు పెట్టాడు. గుమ్మం నుంచి వీధి మలుపు దాకా నడిచి వెళ్లడం ఆ పిల్ల ఎరగదు. కాలు కింద పెడితే పరుగే.

ఒక పొద్దున బడికి ముందు, వంటింటి బల్ల దగ్గర, గోడ గడియారం కింద ఆమె దాన్ని కూర్చోబెట్టింది.

"ఇదిగో, ఇక్కడ మూడు వేళ్లు పెట్టు. నొక్కకు, ఊరికే ఆనించు. టక్ టక్‌మని తగులుతోందా?"

"తగులుతోందమ్మా! లోపల ఏదో గెంతుతోంది."

"అదే. ముల్లు ఒక చుట్టు తిరిగేదాకా లెక్కపెట్టు. ఒక్కోదానికి నీలం గీత. మధ్యలో ఎక్కడైనా తప్పిందనుకో, అక్కడ ఎర్ర గీత. అచ్చం మా ఫ్యాక్టరీలోలాగే. నువ్వు నా చెకింగక్కవి, సరేనా?"

పిల్ల ముఖం వెలిగిపోయింది. పెద్దవాళ్ల పని చేతికిస్తే ఏ పిల్లకు సంబరం కాదు? పాత నోటుపుస్తకం ఒకటి తెచ్చుకుని గళ్లు గీసుకుంది. నాలుగు రోజుల్లో పని పట్టేసింది. తల్లి పోలికే, చెయ్యి తేలిక, చూపు గట్టిది. "అమ్మా, ఇవాళ సున్నా!" అని అరిచేది. ఆ సున్నా విన్న గంటసేపు ఆమె మళ్లీ మనిషయ్యేది. రెండు అంటే మాత్రం ముఖం పాలిపోయేది. పిల్ల ఆ ముఖాన్ని చూసేది. పొద్దున ఒక నిమిషానికి సాయంత్రం ఇంకో నిమిషం తోడైంది, తర్వాత పూటకు మూడు, తర్వాత ఐదు. "నాన్నకు చెప్పకు, నవ్వుతాడు" అని మాట తీసుకుంది.

ఆమెను పట్టుకుని నాలుగు దులిపేద్దామని నాకూ ఉంది. కానీ అంత భయంలో ఉన్న మనిషికి తన ముందున్నది ఎనిమిదేళ్ల పిల్ల అని కనబడలేదు. మూడు చల్లని వేళ్లు కనబడ్డాయి, అంతే.

రెండు నెలలు గడిచాయి. ఒక మధ్యాహ్నం చెకింగ్ టేబులు దగ్గర ఉండగా ఫోను మోగింది. బడి నుంచి ఆటల టీచరమ్మ.

"మీరొకసారి రాగలరా? పాప గురించి మాట్లాడాలి. కంగారేమీ లేదు" అంది.

కంగారేమీ లేదన్న మాటకే ఆమె కాళ్లూ చేతులూ ఆడలేదు. ఏప్రన్ విప్పడం కూడా మరిచిపోయి బస్సెక్కింది. దారి పొడుగునా గుండె తప్పుతూనే ఉంది, అయినా ఆ రోజు మొదటిసారి ఆమె దాన్ని పట్టించుకోలేదు.

బడి గ్రౌండులో పిల్లలు సున్నం గీతల మధ్య పరిగెత్తుతున్నారు. ఒక పక్క సిమెంటు మెట్ల మీద బొంగరం కూర్చుని ఉంది. కుడిచేతి మూడు వేళ్లు ఎడమ మణికట్టు మీద ఉన్నాయి. పెదాలు కదులుతున్నాయి. ఆమె గేటు దగ్గరే ఆగిపోయింది. ఎదురుగా అద్దం పెట్టినట్టుంది. తను ఎలా కూర్చుంటుందో, తల ఎటు వంచుతుందో, కళ్లు ఎలా శూన్యంలో నిలుపుతుందో అచ్చం అలాగే.

ఆటల టీచరమ్మ పొడుగ్గా, మెడలో విజిలుతో ఎదురొచ్చింది. "మీ పాపకు గుండె జబ్బని చెప్పింది. ఐదు వారాలుగా ఒక్క అడుగు పరిగెత్తలేదు. డాక్టరు కాగితం తెమ్మంటే రేపు రేపు అంటోంది. ఈ బడిలో ఇంత వేగంగా పరిగెత్తే పిల్ల ఇంకొకరు లేరు. మీరు మాతో ఒక్క మాటైనా చెప్పలేదేంటి?"

"మా పాపకు ఏ జబ్బూ లేదండీ" అంది ఆమె.

టీచరమ్మ ఒక నోటుపుస్తకం చేతిలో పెట్టింది. ఆమెకు తెలిసిన పుస్తకమే. కానీ ఐదు వారాల క్రితం నుంచి ప్రతి పేజీ నిలువుగా రెండుగా చీలి ఉంది. ఎడమవైపు పైన "అమ్మ". కుడివైపు పైన "నేను". కుడివైపు ఎర్ర గీతలు ఎక్కువగా ఉన్నాయి.

ఆమె వెళ్లి మెట్టు మీద కూతురి పక్కన కూర్చుంది. కూర్చుందనేకంటే కూలబడిందనాలి.

"ఏంటే ఇది?"

పిల్ల దొంగలా చెయ్యి వెనక్కి దాచుకుంది. "నాది."

"నీది నువ్వెందుకు చూసుకున్నావు? ఎక్కడైనా నొప్పిగా ఉందా? చెప్పవే!"

"నొప్పేం లేదు. ఊరికే ఒకరోజు చూశా. నాది కూడా తప్పుతోంది. ఒకసారి తొందరగా, ఒకసారి మెల్లగా వస్తోంది. నీకంటే నాకే ఎక్కువ తప్పుతున్నాయమ్మా. నిన్న పదకొండు."

"మరి నాకు చెప్పొద్దా?"

"నీకు రెండు అంటేనే ఏడుస్తావు. పదకొండు అంటే నీది ఆగిపోతుంది" అంది పిల్ల. తప్పు ఒప్పుకుంటున్నట్టు తల దించుకుంది. "ఎవరిది వాళ్లు చూసుకోకూడదన్నావు కదా. కానీ నాది చూడ్డానికి ఎవరూ లేరు. అందుకే నేనే చూసుకున్నా."

ఐదు వారాలు. ఆ ఐదు వారాలూ తను ఆ పిల్ల చేతిలో చెయ్యి పెట్టి సున్నా కోసం ఎదురుచూస్తూ కూర్చుంది. ఆ పిల్ల తనకు సున్నా చెప్పి, బడికి వచ్చి, ఒంటరిగా ఈ మెట్టు మీద కూర్చుని తన ఎర్ర గీతలు తను గీసుకుంది. ఆమె కూతుర్ని దగ్గరకు లాక్కుని గట్టిగా ఏడ్చింది. గ్రౌండులో పిల్లలు పరుగు ఆపి చూశారు. సిగ్గనిపించలేదు.

ఆ సాయంత్రమే గుండె డాక్టరమ్మ దగ్గరకు తీసుకెళ్లింది. డాక్టరమ్మ పిల్లను పడుకోబెట్టి ఈసీజీ తీసింది, చాలాసేపు విన్నది, లోపలికి ఊపిరి పీల్చమంది, మెల్లగా వదలమంది. తర్వాత కుర్చీ దగ్గరకు జరుపుకుని పిల్లతోనే మాట్లాడింది.

"గాలి పీల్చినప్పుడు నీ గుండె తొందరగా కొట్టుకుంటుంది, వదిలినప్పుడు నెమ్మదిస్తుంది. నువ్వు బాగా గమనించావు. కానీ అది తప్పడం కాదు. నీ వయసు పిల్లలకు అలాగే ఉంటుంది. అది మంచి గుండె. హాయిగా పరిగెత్తుకో."

ఆమె రెండు చేతులూ జోడించింది. మధ్యాహ్నం నుంచి బిగబట్టిన ఊపిరి అప్పుడు వదిలింది. "విన్నావా? ఏమీ లేదంట. డాక్టరమ్మే చెప్పింది" అంది కూతురితో.

బొంగరం బల్ల దిగి, వంగి, బూట్ల తాళ్లు కట్టుకుంటోంది. తల ఎత్తకుండానే అంది: "నీకు కూడా అదే చెప్పింది కదమ్మా."

పిల్ల మాటలో ఎత్తిపొడుపు లేదు, ఏమీ లేదు. ఉన్న సంగతి చెప్పింది. డాక్టరు ఏమీ లేదన్నాక కూడా రోజుకు పది నిమిషాలు లెక్కపెట్టాలని ఆ ఇంట్లో తేలిపోయిన విషయం. తేల్చింది ఎవరో ఆమెకు తెలుసు.

"నేను పాపకు ఇంకో వంద పరీక్షలు చెయ్యగలను" అంది డాక్టరమ్మ చివరికి. "కానీ అది నా ముఖం చూడదమ్మా. మీ చెయ్యి చూస్తుంది."

"నేనేం చెయ్యాలి?"

"ఎప్పటినుంచో చెబుతున్నదే. చూసుకోవడం ఆపండి. భయం వస్తుంది, రానివ్వండి. నడవండి, మెట్లెక్కండి, పరిగెత్తండి. మీ గుండెకు ఏ అడ్డూ లేదు." ఆ తర్వాత, మాటలతో వైద్యం చేసే ఆయనకు ఇంకో చీటీ రాసింది. ఈసారి ఆమె తీసుకుంది.

ఇంటికొచ్చి భర్తకు అంతా చెప్పింది, ఏదీ దాచకుండా. పెళ్లయిన పన్నెండేళ్లలో ఆయన ఆమెను పల్లెత్తు మాట అనలేదు. ఆ రోజు మాత్రం, "దానిచేత లెక్కపెట్టించావా?" అని ఒక్క మాట అడిగి, లేచి కూతురి పక్కకు వెళ్లి కూర్చున్నాడు. ఆయన తిట్టి ఉంటే బాగుండేదని ఆమెకు అనిపించింది.

చెబితే వినే వ్యవహారం కాదని రెండు రోజుల్లోనే తేలిపోయింది. పుస్తకం దాచేసింది. పిల్ల బల్ల కింద చెయ్యి పెట్టుకుని మనసులో లెక్కపెడుతోంది. "వద్దే" అంటే సరే అంటుంది, వేళ్లు మాత్రం వాటి చోటికి అవి పోతాయి. ఆమెకు తెలియని రోగమా అది? బతిమాలింది, కోప్పడింది, ఒట్టు వేయించుకుంది. "నువ్వు కూడా చూసుకుంటున్నావుగా" అంది పిల్ల. నిజమే. వంటింట్లో గోడవైపు తిరిగి చూసుకుంటూ దొరికిపోయింది.

మాటలతో వైద్యం చేసే ఆయన అంతా విని, "ఇంట్లో వద్దని చెప్పడం కాదు, పాప ముందు చేసి చూపించండి. భయం పోయాక చేద్దామనుకోకండి, భయంతోనే చెయ్యండి" అన్నాడు. చెప్పడానికేం, ఎన్నైనా చెప్పొచ్చు. ఆయన కుర్చీలో కూర్చుని చెప్పాడు.

ఆటల టీచరమ్మను అడిగితే సాయంత్రం షిఫ్టు అయ్యాక గ్రౌండులోకి రానిస్తానంది. మొదటిరోజు ఆమె కూతుర్ని మెట్ల మీద కూర్చోబెట్టి, చెప్పులు విప్పేసి, సున్నం గీత దగ్గర నిలబడింది. తొమ్మిది నెలలుగా బస్సు కోసం కూడా పరిగెత్తని మనిషి. ఎదురుగా ఒక చుట్టు. ఇక్కడే పడిపోతే పిల్ల కళ్ల ముందే పోతాను, దానికి జీవితాంతం అదే మిగులుతుంది అనుకుంది. వెనక్కి తిరిగి చూసింది. బొంగరం ఆమె ముఖం చూడటం లేదు. ఆమె కుడిచేతినే చూస్తోంది.

పరిగెత్తింది. ఇరవై అడుగుల్లోనే ఆయాసం. మొదటి మలుపు దగ్గర గుండె తప్పింది, తప్పి గొంతులో ఎగిరిపడింది. చెయ్యి దానంతటదే లేచింది. లేచిన చేతిని పిడికిలి బిగించి కిందికి లాక్కుంది. రెండోది వచ్చింది. కళ్ల ముందు గ్రౌండు చిన్నదైంది. ఆగిపో ఆగిపో అని ఒళ్లంతా మొత్తుకుంటోంది. ఏడుస్తూ పరిగెత్తింది, ముక్కు కారుతూ, ఏప్రన్ అంచు కాళ్లకు తగులుతూ. మూడోది చివరి మలుపులో. గీత దాటి మెట్ల దగ్గరకు వచ్చి మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని నిలబడింది.

"తప్పిందా?" అని అడిగింది పిల్ల.

లేదు అన్న అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది. "తప్పింది. మూడుసార్లు."

"మరి ఎందుకు ఆగలేదు?"

"ఆగితే ఇంకెప్పుడూ పరిగెత్తలేననిపించింది."

"భయమెయ్యలేదా?"

"చచ్చేంత భయమేసింది."

పిల్ల ఆలోచించి, మూడు వేళ్లు చాచింది. "చూడనా?"

ఆ మూడు వేళ్లు ఆమెకు అప్పుడు మంచినీళ్లకంటే ఎక్కువ కావాలి. ఒక్క నిమిషం. ఒక్క సున్నా. గుండె ఇంకా దడదడలాడుతోంది, దానిలో ఏవి సరైనవో ఏవి తప్పినవో తేల్చి చెప్పే మనిషి అరడుగు దూరంలో ఉంది.

"వద్దు" అంది. ఆ రెండక్షరాలు అనడానికి ఆమెకు ఒక చుట్టు పరుగుకంటే ఎక్కువ బలం కావలసి వచ్చింది.

ఇలా ఒక్కరోజుతో అయిపోతే కథలన్నీ సుఖంగానే ఉండేవి. రెండో రోజు సగంలోనే కూర్చుండిపోయింది. మూడో రోజు పొద్దున ఫ్యాక్టరీ టాయిలెట్‌లో తలుపు వేసుకుని, చెయ్యి మణికట్టు మీద వేసుకుని పావుగంట వణికింది. నా వల్ల కాదు, నేను ఇంతే, దాన్ని కూడా ఇలాగే చేసేశాను అని గోడకు తల ఆనించి ఏడ్చింది. ఆ సాయంత్రం మళ్లీ గ్రౌండుకు వెళ్లింది. ధైర్యం వచ్చి కాదు. మెట్ల మీద మణికట్టు పట్టుకుని కూర్చున్న పిల్లను ఊరికే చూస్తూ ఉండటం పరిగెత్తడంకంటే కష్టంగా ఉంది, అందుకు. నాలుగో రోజు ఒక చుట్టు. ఐదో రోజు ఒకటిన్నర. రోజూ పిల్ల అడిగేది, రోజూ ఆమె ఉన్నది ఉన్నట్టు చెప్పేది. రెండు. ఐదు. ఇవాళ లెక్కపెట్టలేదు. ఆరో రోజూ, ఏడో రోజూ బొంగరం మెట్టు దిగలేదు.

ఎనిమిదో రోజు ఆమె మొదటి చుట్టు పూర్తిచేసి వస్తుంటే పిల్ల లేచి సున్నం గీత పక్కన నిలబడి ఉంది. వేళ్లు మణికట్టు మీదే ఉన్నాయి.

"ఆగమ్మా, నేనూ వస్తా."

ఆగాలని ప్రాణం కొట్టుకుంది. ఆగి, చెయ్యి పట్టుకుని, మెల్లగా నడిపించాలని ఉంది. కానీ ఆగడం ఎలాగో ఆ పిల్లకు ఇప్పటికే బాగా నేర్పింది.

"ఆగను, నువ్వే రా" అని ముందుకు పోయింది.

వెనక అడుగులు వినిపించాయి. తడబడే అడుగులు. ఆమె ఓరకంట చూసింది. పిల్ల ఒక చేత్తో ఇంకో చేతిని పట్టుకునే పరిగెత్తుతోంది, వంకరగా, కట్లు కట్టినట్టు. పది అడుగులు వేసి తూలింది. పడబోయి చేతులు రెండూ విడదీసి నిలదొక్కుకుంది. ఆ చేతులు మళ్లీ కలవలేదు. అడుగుల చప్పుడు మారిపోయింది. రెండో మలుపు దగ్గర బొంగరం ఆమెను దాటేసి, జడలు ఎగురుతూ, వెనక్కి తిరిగి చూడకుండా వెళ్లిపోయింది.

సరిగ్గా అప్పుడే ఆమె గుండె ఇంతకుముందు ఎన్నడూ లేనంతగా తప్పింది. వరసగా రెండు. ఒళ్లు చల్లబడింది. ఇప్పుడు ఆమె చేతిని చూసేవాళ్లు ఎవరూ లేరు. వేళ్లు వేసుకున్నా ఎవరికీ తెలియదు. చెయ్యి సగం దాకా లేచింది కూడా. కానీ చెయ్యి పట్టుకుంటే పరుగు మందగిస్తుంది, పిల్ల ఇంకా దూరమైపోతుంది. ఆమె చాలా భయంతో, రెండు చేతులూ ఊపుకుంటూ, కూతురి వెనకే పరిగెత్తింది.